బీరుకు చలి వదిలే దాకా

నా గ్లాసుల అరలో ఒక థర్మామీటర్ ఉంటుంది. సన్నని స్టీలు కడ్డీ, పైన అంకెలు చూపే చిన్న తెర. నీటి నమూనాలు పరీక్షించే ప్రయోగశాలలో పనిచేసిన అలవాటు కొద్దీ కొనుక్కున్నాను. పదకొండు చలికాలాలుగా నేను తాగిన బీర్లలో సగానికి పైగా దానితో కొలిచి, పక్కనే నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆ పుస్తకం తిరగేసినప్పుడల్లా ఒకటే విషయం కనిపిస్తుంది. నచ్చలేదని రాసిన ముదురు రంగు బీర్లు దాదాపు అన్నీ 3 నుంచి 6 డిగ్రీల మధ్య తాగినవే. అవే బీర్లను 12 డిగ్రీల దగ్గర తాగిన రోజున రెండేసి పేజీలు నింపాను.

మొదటి చలికాలం సంగతి చెబుతాను. నేనుండే చోటికి నడిచి వెళ్లేంత దూరంలో ఒక చిన్న బ్రూవరీ ఉంది. నాలుగు తొట్లు, ఆరు కుళాయిలు, ఒక పొడవాటి బల్ల. ఆ డిసెంబరులో అక్కడ 9 శాతం ఆల్కహాల్ ఉన్న, బాగా వేపిన గింజలతో కాచే నల్ల బీరు రకమైన స్టౌట్‌ను సీసాల్లో నింపారు. రెండు తెచ్చుకుని, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, తీసిన వెంటనే తాగాను. మాడు వాసన, నాలుకను పట్టుకుని వదలని చేదు తప్ప ఏమీ తెలియలేదు. మరుసటి వారం వెళ్లి బీరు కాచే ఆయనతో ఆ మాటే చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు. కుళాయి నుంచి చిన్న గ్లాసులో అదే బీరు పోసి నా ముందు పెట్టి, "ఇప్పుడే తాగకండమ్మా. రెండు చేతులతో పట్టుకుని కూర్చోండి, నేను ఆ తొట్టి కడిగి వస్తాను" అన్నారు. తిరిగి వచ్చేసరికి ఇరవై నిమిషాలు దాటింది. అప్పుడు తాగితే ముందు కాఫీ గింజలు వేపుతున్న వాసన, దాని వెనకే ఎండుద్రాక్ష, మింగిన తర్వాత ముదిరిన పాకంలాంటి తీపి. బీరు అదే, కాచినవారూ వారే. మారినవి ఏడెనిమిది డిగ్రీలు మాత్రమే.

వాసన అంటే ద్రవంలోంచి గాలిలోకి ఎగిరి ముక్కును చేరే అణువులే కదా. చల్లగా ఉన్న ద్రవంలోంచి అవి సరిగా ఎగరవు. నాలుక కూడా చలికి మొద్దుబారుతుంది, ముఖ్యంగా తీపి తెలియడం తగ్గుతుంది. ముదురు బీరులో మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తీపి, వేయించిన గింజ చేదు ఒకదాన్నొకటి పట్టి నిలబెడతాయి. ఫ్రిజ్ చలిలో తీపి వెనక్కి వెళ్లిపోయి చేదు ఒంటరిగా మిగులుతుంది. నేను ఇంట్లో తాగినది ఆ ఒంటరి చేదునే. ఎండాకాలంలో దాహానికి తాగే, చల్లని చోట నెమ్మదిగా పులియబెట్టిన పల్చటి లాగర్‌కు చల్లదనమే అందం. చలికాలం కోసం కాచిన బీరుకు అది కళ్లకు గంతలు కట్టినట్టు.

అందుకే మీరు ఇంట్లో చేయవలసిన మొదటి పని చాలా చిన్నది. తాగాలనుకున్న సమయానికి నలభై నిమిషాల ముందు సీసాను ఫ్రిజ్‌లోంచి తీసి బల్ల మీద పెట్టండి. గది 20 డిగ్రీల దగ్గర ఉంటే, 4 డిగ్రీల సీసా ఆ సమయంలో 9 వరకు వస్తుంది. గ్లాసులో పోసేసరికి ఇంకో డిగ్రీ పెరుగుతుంది. చేతిలో పట్టుకుని నెమ్మదిగా తాగితే గ్లాసు సగానికి వచ్చేటప్పటికి 12 దాటుతుంది. ఇవి మా ఇంట్లో, 330 మిల్లీలీటర్ల గాజు సీసాతో నేను కొలిచిన అంకెలు. క్యాన్ అయితే గోడ పల్చన కాబట్టి త్వరగా చలి వదులుతుంది, అరగంట చాలు. వేడి నీళ్లలో ముంచి తొందరపెట్టవద్దు. అంచుల్లో ఉన్న బీరు వేడెక్కి, నడుమ చల్లగానే ఉండి, మూత తీయగానే నురుగు పొంగిపోతుంది.

ఏ బీరుకు ఎంత అన్నది పట్టిక వేసి గోడకు అంటించుకోనవసరం లేదు. బలం పెరిగే కొద్దీ, రంగు ముదిరే కొద్దీ చలి తగ్గాలి. ఇంతవరకు గుర్తుంటే చాలు. పిల్స్‌నర్, మామూలు లాగర్ 5 నుంచి 7 డిగ్రీల దగ్గర బాగుంటాయి. హాప్స్ అనే తీగ పూల చేదు, వాసన ముందుండే ఐపీఏకు, స్టౌట్ లాంటి ముదురు బీరైన పోర్టర్‌కు 8 నుంచి 11. మాల్ట్ రుచి ఎక్కువుండే బలమైన జర్మన్ బీరు డాపెల్‌బాక్‌కు 10 దగ్గర మొదలుపెట్టవచ్చు. ఇంకా బలమైన ఇంపీరియల్ స్టౌట్, వైన్‌కు దగ్గరి బలం ఉండే బార్లీవైన్ అనే బీరు 13 వరకు, కొన్ని 15 వరకు కూడా మెరుగవుతూనే ఉంటాయి. థర్మామీటర్ లేకపోతే గ్లాసును చెంపకు ఆనించి చూడండి. చురుక్కుమంటే ఇంకా ఆగాలి. హాయిగా చల్లగా తోస్తే సమయం వచ్చినట్టే.

ఇక గ్లాసు. ఫ్రీజర్‌లో పెట్టి మంచు పట్టించిన గ్లాసును ఈ బీర్ల దగ్గరికి రానివ్వవద్దు. గోడలకున్న మంచు కరిగి బీరులో కలుస్తుంది, నురుగు అదుపు తప్పుతుంది, ఇంతసేపు ఆగి వదిలించిన చలి మళ్లీ వచ్చి కూర్చుంటుంది. అడుగు వెడల్పుగా, మూతి కాస్త మూసుకున్నట్టుండే గ్లాసు మంచిది. అరచేతి వేడి అడుగుకు తగులుతుంది, వాసన మూతి దగ్గర పోగవుతుంది. అలాంటిది లేకపోతే వైన్ గ్లాసు పూర్తిగా సరిపోతుంది, నేను చాలా ఏళ్లు దానితోనే గడిపాను. సగం కంటే ఎక్కువ నింపవద్దు, పైన ఖాళీ ఉంటేనే వాసనకు చోటు. గ్లాసు శుభ్రత మాత్రం నేను పట్టుబట్టే విషయం. పోసిన తర్వాత గోడకు బుడగలు గుంపులుగా అంటుకుని ఉంటే అక్కడ జిడ్డో సబ్బో మిగిలిందని అర్థం. జిడ్డు నురుగును చంపేస్తుంది. వేడి నీళ్లతో బాగా తొలిచి, గుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరనివ్వండి. పోసే ముందు ఒకసారి చన్నీళ్లతో తడపండి.

సీసా అడుగున మడ్డి కనిపిస్తే భయపడవద్దు, అది ఈస్ట్, బీరును పులియబెట్టే సూక్ష్మజీవి. సీసాలోనే రెండోసారి పులిసే బీర్లలో అది ఉండి తీరుతుంది. గ్లాసును వంచి, ఒకే ధారగా పోస్తూ, చివరి రెండు చెంచాలు సీసాలోనే వదిలేయండి. గోధుమ బీర్లకు ఇది వర్తించదు. వాటిలో ఆ మడ్డిని కదిపి కలుపుకుని తాగడమే పద్ధతి. జర్మనీలో ష్నైడర్ బ్రూవరీ 1907 నుంచి కాస్తున్న అవెంటీనస్ గోధుమతో చేసిన డాపెల్‌బాక్. ఆ తరహా బీరును మీ దగ్గరి బ్రూవరీ ఎప్పుడైనా చలికాలానికి కాస్తే వదులుకోవద్దు. పండిన అరటి, లవంగం వాసనలు ముదురు మాల్ట్‌తో కలిసి రావడం మరెక్కడా దొరకదు.

దగ్గరి బ్రూవరీ అన్నాను కాబట్టి, అక్కడికి ఎలా వెళ్లాలో కూడా చెప్పాలి. జనం తక్కువగా ఉండే రోజున, సాయంత్రం మొదట్లోనే వెళ్లండి. కాచేవారితో మాట్లాడే వీలు అప్పుడే ఉంటుంది. పెద్ద గ్లాసు అడగకుండా 100 మిల్లీలీటర్ల చిన్న గ్లాసుల్లో మూడు రకాలు అడగండి. లేత రంగు నుంచి ముదురుకు, తక్కువ శాతం నుంచి ఎక్కువకు వెళ్లండి. ముందే బలమైన స్టౌట్ తాగితే తర్వాత ఏది తాగినా నీళ్లలా తోస్తుంది. మూడింటినీ ఒకేసారి తెప్పించుకుని ముందు పెట్టుకోండి. మొదటిది ముగిసేలోపు మూడోదానికి చలి వదులుతుంది.

అక్కడ నేను ఎప్పుడూ అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఎప్పుడు నింపారు? ఎంత శాతం? ఈ ఏడాది ఏమి మార్చారు? అన్నిటికంటే పనికొచ్చేది చివరిది: "ఇంటికి తీసుకెళ్లినప్పుడు దీన్ని మీరెలా తాగుతారు?" చిన్న బ్రూవరీలో కాచే మనిషే కుళాయి దగ్గరా నిలబడతారు. ఆ ప్రశ్నకు వాళ్లు ఇచ్చే జవాబు ఏ సీసా మీదా అచ్చయి ఉండదు. ఒకసారి ఒకావిడ తమ పోర్టర్‌ను రెండు రోజుల్లో సగం సగం తాగుతానని చెప్పారు. మూత బిగించి పెట్టిన రెండో సగంలో గ్యాసు తగ్గి, మాల్ట్ ఇంకా మెత్తగా తెలుస్తుందట. ఇంటికొచ్చి చేసి చూశాను. నిజమే.

చలికాలానికీ బీరుకూ ఉన్న చుట్టరికం ఈనాటిది కాదు. యంత్రాలతో చల్లబరచడం రాని రోజుల్లో ఎండాకాలపు బీరు పులిసి పాడయ్యేది. అందుకే జర్మనీలోని బవేరియాలో 1553లో ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 వరకు బీరు కాయకూడదని ఆజ్ఞ వేశారు. అంటే కాసే కాలమే చలికాలం. 1870లలో కార్ల్ ఫాన్ లిండే అనే జర్మన్ ఇంజనీరు శీతలీకరణ యంత్రాలు తయారుచేసి మ్యూనిక్‌లోని ఒక బ్రూవరీకి ఇచ్చాకే ఏడాది పొడవునా లాగర్ కాయడం తేలికైంది. బెల్జియంలో లాంబిక్ అనే పుల్లటి బీరు కాచేవారు మాత్రం ఇప్పటికీ అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకే కాస్తారు. ఉడికిన మాల్ట్ రసాన్ని వెడల్పాటి తెరిచిన తొట్టిలో రాత్రంతా వదిలేస్తారు. చలిగాలి దాన్ని చల్లారుస్తుంది, ఆ గాలిలోని ఈస్ట్ దాన్ని పులియబెడుతుంది. మీ దగ్గరి బ్రూవరీలో ఈ నెలల్లో దొరికే బీర్ల వెనక ఇంత ఉందని తెలిస్తే గ్లాసు పట్టుకునే తీరే మారుతుంది.

పేర్ల వెనకా కథలున్నాయి, అవి తెలిస్తే కుళాయి పైన రాసిన జాబితా చదవడం సులువు. బాక్ అన్న మాట ఐన్‌బెక్ అనే జర్మన్ పట్టణం పేరు బవేరియా నాలుకల మీద మారి వచ్చినది. బాక్ అంటే జర్మన్‌లో మేకపోతు కూడా, అందుకే సీసాల మీద మేక బొమ్మ. డాపెల్‌బాక్ దానికి బలమైన అన్న. మ్యూనిక్‌లో పౌలానర్ మఠ సన్యాసులు ఉపవాస దినాల్లో ఆకలికి ఆసరాగా కాచుకున్నది. వారి బీరు పేరు సాల్వేటర్ కావడంతో తర్వాత వచ్చిన డాపెల్‌బాక్‌లు చాలావాటి పేర్లు "ఏటర్" అనే ముగుస్తాయి. అలాంటి పేరు కనిపిస్తే చేదు తక్కువ, మాల్ట్ ఎక్కువ అని ముందే ఊహించవచ్చు. ఇంపీరియల్ స్టౌట్ 18వ శతాబ్దంలో లండన్ నుంచి రష్యా రాజాస్థానానికి వెళ్లిన బీరు, ఆ పేరు అందుకే. స్టౌట్‌కు ఈనాటి నలుపు రావడానికి కారణం 1817లో డేనియల్ వీలర్ పేటెంట్ తీసుకున్న పద్ధతి. కాఫీ గింజలను వేపినట్టే మాల్ట్‌ను ఇనుప పీపాలో తిప్పుతూ నల్లగా వేపే విధానం అది. కొంచెం నల్ల మాల్ట్ కలిపితే చాలు, తొట్టి మొత్తం నలుపెక్కుతుంది. బాల్టిక్ పోర్టర్ అని రాసి ఉంటే, చాలావరకు లాగర్ ఈస్ట్‌తో చల్లగా పులియబెట్టినది కాబట్టి అంచులు నునుపుగా ఉంటాయి. ముదురు బీరుకు కొత్తవారైతే దీనితో మొదలుపెట్టమంటాను. పొగ వాసన ఇష్టమైతే జర్మనీలోని బాంబెర్గ్ ఊరి తరహా పొగ బీరు రాఖ్‌బియర్ వెతకండి. బీచ్ కట్టెల పొగకు మాల్ట్‌ను ఆరబెడతారు. మొదటి గుక్కకు చాలామంది ముఖం తిప్పుకుంటారు. మూడో గుక్క వరకు ఓపిక పట్టమని మాత్రం చెబుతాను.

చలికాలపు బీరంటే నలుపే కావాలని లేదు. అమెరికాలోని సియెరా నెవాడా బ్రూవరీ 1981 నుంచి చలికాలానికి విడుదల చేసే సెలబ్రేషన్ రాగి రంగు ఐపీఏ, ఆ ఏడాది కోసిన హాప్స్‌తో చేసేది. హాప్స్ కోత ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జరుగుతుంది కాబట్టి, చలి మొదలయ్యేసరికి కొత్త హాప్స్ వాసన ఉన్న బీర్లు బయటికి వస్తాయి. మీ బ్రూవరీలో అలాంటిది ఉంటే ముందు దాన్నే తాగేయండి. ఎందుకంటే హాప్స్ వాసన ఆగదు. నింపిన తేదీ చూసి, మూడు నెలలు దాటిన ఐపీఏను నేను కొనను. కుళాయి నుంచి పెద్ద సీసాలో నింపించుకుని తెచ్చుకున్నదైతే తెరవకుండా రెండు మూడు రోజులు, తెరిస్తే అదే రోజు.

బలమైన ముదురు బీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. 8 శాతం దాటిన స్టౌట్, బార్లీవైన్ ఆగితే గుణం మారుతుంది. కరుకు తగ్గి, ఖర్జూరం, అత్తిపండు, పాత తోలు లాంటి వాసనలు వస్తాయి. నేను చేసే పని చెబుతాను. నచ్చిన బీరు ఏటా మూడు సీసాలు కొంటాను. ఒకటి అప్పుడే తాగుతాను, ఒకటి వచ్చే చలికాలానికి, ఒకటి ఆ తర్వాతి దానికి. మూడో ఏడు వచ్చేసరికి ఒకే బీరు మూడు వయసుల్లో చేతికి అందుతుంది. వాటిని ఒకే సాయంత్రం ముగ్గురు నలుగురు కలిసి చిన్న గ్లాసుల్లో పంచుకుంటే అంతకంటే మంచి సాయంత్రం నాకు తెలియదు. అన్నీ ఆగితే బాగుపడవు. 6 శాతం లోపు బీరును దాచితే తడిసిన అట్టముక్క వాసన వస్తుంది, అది గాలి పట్టిందని గుర్తు. కాఫీ కలిపిన స్టౌట్‌ను కూడా దాచవద్దు. కాఫీ వాసన ముందు పోతుంది, ఒకరకమైన పచ్చి మిరప వాసన మిగులుతుంది.

దాచే చోటు చీకటిగా, చల్లగా, అన్నిటికంటే ముఖ్యంగా ఒకే తీరుగా ఉండాలి. సీసాలు నిలువుగా నిలబెట్టండి, పడుకోబెట్టవద్దు. వెలుగు సోకితే హాప్స్ చేదులోని పదార్థం విరిగి స్కంక్ అనే జంతువు వదిలే కంపులాంటి వాసన పుడుతుంది. గోధుమరంగు గాజు దీన్ని చాలావరకు ఆపుతుంది. పచ్చ గాజు, తెల్ల గాజు పెద్దగా ఆపవు. బయట చలిగా ఉంది కదా అని వరండాలో పెట్టడం నేను ఒకే ఒక్కసారి చేశాను. ఆరు సీసాలు. రాత్రి గడ్డకట్టే చలి పడింది. మామూలు బీరు సున్నాకు రెండు మూడు డిగ్రీలు దిగువనే గడ్డకడుతుంది, నీరు మంచైతే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది. పొద్దున్న చూస్తే రెండు సీసాలు నిలువునా పగిలి ఉన్నాయి. అందులో ఒకటి నేను రెండేళ్లుగా దాచినది. ఇప్పటికీ బాధే. మిగిలిన నాలుగూ బయటికి బాగానే కనిపించినా, గడ్డకట్టి కరిగిన బీరు పలచబడి తునకలు తేలుతూ ఉంది.

చలికి బీరు ఒళ్లు వేడెక్కిస్తుందన్న మాట మీద మాత్రం నమ్మకం పెట్టుకోకండి. ఆల్కహాల్ చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. రక్తం పైకి వచ్చి చర్మానికి వెచ్చగా తోస్తుంది, నిజానికి లోపలి వేడి బయటికి పోతుంటుంది. కాబట్టి తాగి చలిలో ఎక్కువసేపు నిలబడటం ప్రమాదం. ఈ బీర్ల బలాన్ని కూడా తక్కువగా చూడవద్దు. 10 శాతం ఉన్న 330 మిల్లీలీటర్ల సీసాలో 33 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది, 5 శాతం ఉన్న రెండు సీసాలతో సమానం. సాయంత్రానికి అలాంటిది ఒక్కటే, అదీ ఇద్దరు పంచుకుని, పక్కన పెద్ద గ్లాసు నీళ్లు పెట్టుకుని. ఇది నా లెక్క. బండి నడపవలసిన రోజున, మందులు వాడుతున్నప్పుడు, గర్భంతో ఉన్నప్పుడు అసలు వద్దు.

ఒక్కటే గ్లాసు కాబట్టి దాన్ని సాగదీయడం నేర్చుకున్నాను. పోయగానే ఒక గుక్క, అది 10 డిగ్రీల దగ్గర. ఒక వాక్యం రాస్తాను. పావుగంట తర్వాత మరో గుక్క, మరో వాక్యం. గ్లాసు అడుగుకు వచ్చేసరికి 15. ఆ చివరి రెండు గుక్కల దగ్గర రాసిన మాటలే తర్వాత చదవడానికి బాగుంటాయి. పోయిన చలికాలం చివర, ఫిబ్రవరి నెలాఖరున, ఆ మొదటి ఏడాది స్టౌట్ కొత్త విడత సీసా ఒకటి మిగిలింది. దాని మెడకు తేదీ రాసిన కాగితం కట్టి, అరలో వెనక వరసలో నిలబెట్టాను. కాగితం మీద తేదీ కింద "13 డిగ్రీలు, తొందర వద్దు" అని కూడా రాశాను.